థాయ్ జామకాయ ఎక్కడిది?

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే, కోచింగ్ పాంప్లెట్లు చేతుల్లో కుక్కే కుర్రాళ్లని దాటాక, ఒక జామకాయల బండి కనిపిస్తుంది. ఒక్కో కాయ పిడికిలికి రెండింతలుంటుంది. నాలుగు ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి, కాగితంలో పెట్టి ఇస్తాడు. 'థాయ్ జామ' అంటాడు. ఎక్కడి నుంచి వస్తుందన్నా అంటే "బాటసింగారం మార్కెట్ నుంచి" అన్నాడు. మరి థాయ్ ఎందుకన్నారు? "పెద్దగుంటది గదా సార్, గందుకే."

ఈ వ్యాసానికి ఆ బండి కొంత కారణం. ఇంకో కారణం రెండేళ్ల క్రితం నేను రాసిన ఒక చెడ్డ వ్యాసం.

ఆఫీసులో నలుగురం కలిసి బ్యాంకాక్ వెళ్లాం. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా బోర్డుల మీద ఊరించే నాలుగు రాత్రులు అయిదు పగళ్ల ప్యాకేజీయే. అందరూ షాపింగ్‌కి పోయిన రోజు నేనొక్కణ్ణీ సనామ్ లువాంగ్ పక్కనున్న నేషనల్ మ్యూజియంకి వెళ్లాను. ద్వారావతి కాలపు బుద్ధుడి ముందు నిలబడి లేబుల్ చదువుతుంటే 'అమరావతి' అన్న మాట కనబడింది. ఒళ్లు జలదరించింది. హోటల్‌కి వచ్చి ఆ రాత్రే రాయడం మొదలుపెట్టాను. పేరు 'శ్యామదేశంలో మన అడుగులు'. బుద్ధుడు మననుంచే వెళ్లాడు, రామాయణం మననుంచే, లిపి మననుంచే. ఒక చిన్న పత్రికలో అచ్చయింది. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగింది. ఇప్పుడు చదివితే చెవులు వేడెక్కుతాయి. వెయ్యి మాటల్లో థాయ్‌లాండ్ మనుషులు ఎక్కడా లేరు. అక్కడేం తిన్నానో లేదు. ఒక్క ఊరి పేరు లేదు, బ్యాంకాక్ తప్ప.

ఆ వ్యాసాన్ని విమర్శించే పని ఇంకెవరూ చేయలేదు కాబట్టి నేనే చేస్తున్నాను. ఇలాంటిది రాసింది నేనొక్కణ్ణే అయితే వదిలేసేవాణ్ణి. తూర్పు దేశాలకి వెళ్లొచ్చిన మనవాళ్ల రాతల్లో సగానికి పైగా ఈ బాణీలోనే ఉంటాయి. అంకోర్ వెళ్లినా బాలి వెళ్లినా కథ ఒకటే. ఇంటి దగ్గర బాణం ఎక్కుపెట్టి బయటికి వదలడం, అది ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఫోటో తీసుకోవడం.

మొదట ఆ లేబుల్ సంగతి. అందులో అబద్ధం లేదు. ద్వారావతి శిల్పం మీద అమరావతి ప్రభావం గురించి పండితులు చాలాకాలంగా రాస్తున్నారు. అయితే దాని పక్కనే శ్రీలంకనీ, గుప్తుల శిల్పాన్నీ కూడా పెడతారు. అన్నిటికంటే ముందు, ఆరో శతాబ్దం నుంచి పదకొండు దాకా ఆ బొమ్మల్ని చెక్కింది మోన్ జనం. రెప్పలు వాల్చిన పెద్ద కళ్లూ, ఒకదాన్నొకటి అందుకునే కనుబొమలూ, వెడల్పాటి పెదాలూ ఉన్న ఆ ముఖం మోన్‌లది. నేను ఆ ముఖాన్ని చూడలేదు, లేబుల్ చూశాను.

పోంగ్ టుక్ కథ అప్పటికి తెలిసుంటే కొంచెం జాగ్రత్తపడేవాణ్ణి. 1927లో బ్యాంకాక్‌కి పడమరనున్న ఆ ఊళ్లో ఒక రైతుకి భూమిలో పాతకాలపు వస్తువులు దొరికాయి. జార్జ్ సెదెస్ అనే ఫ్రెంచి పండితుడు వెళ్లి తవ్వించాడు. దొరికినవాటిలో ఒక చిన్న కంచు బుద్ధుడు, ఒక రోమన్ కంచు దీపం ఉన్నాయి. బుద్ధుడు అమరావతి శైలి అనీ, దీపం క్రీస్తు శకం తొలి శతాబ్దాలదనీ మొదట అనుకున్నారు. తర్వాతి పండితులు బుద్ధుడు అంత పాతవాడు కాదన్నారు. దీపాన్ని అయిదారు శతాబ్దాల బైజాంటియం దాకా జరిపారు. ఎవరి తప్పూ లేదు, చరిత్ర పని అలాగే జరుగుతుంది. కానీ మొదటి ఊహని పట్టుకుని ఎంతమంది 'రెండో శతాబ్దంలోనే మనవాళ్లు' అని రాసేసి ఉంటారో. నాలాంటివాళ్లు.

ఇక పండ్లు. ఇక్కడే నా వ్యాసం పూర్తిగా కూలిపోయింది. కూల్చినావిడ మా బ్యాంకాక్ ఆఫీసులో టెస్టింగ్ చూస్తుంది. సొంతూరు రయోంగ్ రాష్ట్రం. బ్యాంకాక్‌కి ఆగ్నేయంగా సముద్రం పక్కన ఉంటుంది. రయోంగ్, చంతబురి, త్రాట్ ఈ మూడూ దురియన్‌కీ మంగుస్తాన్‌కీ రంబుటాన్‌కీ పేరుపడ్డ చోట్లు. కాల్ మొదలయ్యేలోపు రెండు నిమిషాలు మామూలు మాటలు ఉంటాయి కదా, ఓసారి నా పళ్లెంలో ఉన్నదేమిటని అడిగింది. సీతాఫలం అన్నాను. మా దగ్గర నోయ్‌నా అంటారు, కొరాట్ వైపు పాక్ చోంగ్‌లో బాగా పండుతుంది, మీ పేరుకి అర్థమేమిటి అంది. సీతమ్మవారి పండు అని చెప్పాను. "సీత తిన్నదా?" అంది.

తిని ఉండదు. సీతాఫలం పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడలు అటునుంచి ఇటు తిరగడం మొదలెట్టాక మనకొచ్చింది అన్నది ఎక్కువమంది వృక్షశాస్త్రజ్ఞుల మాట. రామాఫలం, లక్ష్మణఫలం కూడా అదే కుటుంబం, అదే ఖండం. అరణ్యవాసం మొత్తం వలస వచ్చిందన్నమాట. దీని మీద ఒక పాత తగాదా కూడా ఉంది. భార్హుత్ స్తూపం మీద 1879లో వేసిన పుస్తకంలో కన్నింగ్‌హామ్, ఆ శిల్పాల్లో సీతాఫలం కనబడుతోందని వాదించాడు. రెండువేల ఏళ్ల కిందటి రాతి మీద గరుకు తొక్కతో ఉన్న గుండ్రటి పండు అది. దాన్ని సీతాఫలం అనుకోవడానికి ఆశ ఉండాలి. పనస కావచ్చు, తామర కాయ కావచ్చు అని తర్వాతివాళ్లకి అనిపించింది. లేబుల్ ముందు నాకు కలిగిందీ కన్నింగ్‌హామ్‌కి కలిగిందీ ఒకే జబ్బు అని నా అనుమానం, ఆయనకి పాండిత్యం ఉంది, నాకు లేదు, అంతే తేడా.

ఆ తర్వాత నేను ఒక్కో పండుకీ గిట్ బ్లేమ్ కొట్టడం మొదలుపెట్టాను. (ప్రోగ్రామర్లు కానివాళ్లకి: ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో చూపించే కమాండ్ అది. పేరులో నింద ఉంది కానీ ఎక్కువసార్లు తేలేది మన తప్పే.) జామ కూడా అమెరికాదే. థాయ్‌లో జామకాయని 'ఫరాంగ్' అంటారు. తెల్లవాణ్ణి కూడా ఫరాంగ్ అనే అంటారు. పండు, మనిషి, రెండింటికీ ఒకటే మాట. మొదట నవ్వొచ్చింది. తర్వాత మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ బొప్పాయిని ఎప్పుడూ బొప్పాయి అనలేదు, పరంగి పండు అనేది. అదే మాట! ఫ్రాంకుల పేరు అరబ్బీ, పారసీ నోళ్లలో పడి ఫరంగ్, ఫిరంగీ అయి, తెలుగులో పరంగి అయింది, ఫిరంగి కూడా అయింది. థాయ్‌లో ఫరాంగ్ అయింది. బొప్పాయి కూడా అమెరికా నుంచి వచ్చిందే. ఒకే ఓడల మీద వచ్చిన రెండు పండ్లలో ఒకదానికి వాళ్లు, ఇంకోదానికి మనం, ఒకరికొకరం తెలియకుండా, ఒకే పేరు పెట్టుకున్నాం. మరోవైపు సంస్కృతం, పాళీల 'జంబు' అక్కడికి వెళ్లి 'చొంఫూ' అయింది. గంట ఆకారంలో ఎర్రగా, కొరికితే నీళ్లూరే పండుకి అది పేరు. మనలో కొందరు గులాబీ జామ అంటారు. ఆ ఎరుపు వల్ల థాయ్‌లో గులాబీ రంగుకే చొంఫూ అని పేరు స్థిరపడింది. జామ మీద చల్లుకునే కారం సంగతి సరేసరి. వాళ్లూ ఉప్పు, పంచదార, మిరప్పొడి కలిపి జామముక్కలకి అద్దుకుంటారు. మిరప కూడా అమెరికాదే. అంటే మైత్రీవనం దగ్గర కాగితం పొట్లంలో ఉప్పు తప్ప మరేదీ పాతకాలపు మనది కాదు.

పండు పేరు అడిగితే ఇన్ని వైపులకి దారులు తెరుచుకుంటాయి. 'మననుంచి వెళ్లింది' అన్న వాక్యం ఒక్క దారే చూపిస్తుంది. ఆ వాక్యం రాసిన రోజున నేను తిన్న ఏ పండు పేరూ ఎవర్నీ అడగలేదు.

రయోంగ్ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. వాళ్ల ఊరివైపు ప్రయాణం మీద రాసిన ఒక పద్యకావ్యం బళ్లో చదువుకున్నామనీ, రాసింది సున్‌తోన్ ఫూ అనీ చెప్పి, "మీ భాషలో ప్రయాణం మీద పాత పుస్తకం ఏది?" అంది. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర అన్నాను. బాగుంటుందా? బాగుంటుంది అన్నాను. నిజానికి అప్పటికి నేను చదవలేదు. పరీక్షల్లో 'మొదటి యాత్రాచరిత్ర' అన్న ఒక మార్కు బిట్‌గా తెలుసు. ఆ సిగ్గుతోనే చదివాను.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న పెద్ద పరివారంతో మద్రాసులో బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కృష్ణ దాటి, పాలమూరు మీదుగా హైదరాబాదు వచ్చి, నాగపూరు దారి పట్టి కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడుగునా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి ఉత్తరాలు రాశాడు. ఆయన 1836లో పోయాక, 1838లో అవి పుస్తకంగా అచ్చయ్యాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు దాన్ని మళ్లీ శ్రద్ధగా వేయకపోతే మనలో చాలామందికి దొరికేదే కాదు.

సాహిత్యం అనుకుని తెరిస్తే మొదటి యాభై పేజీలు నీరసం తెప్పిస్తాయి. ఊరి పేరు, ఇక్కడికి ఇన్ని ఆమడలు, దారి రాళ్లమయమా ఇసకా, నీళ్లు బావివా చెరువువా, అంగళ్లు ఉన్నాయా, ఏం దొరుకుతుంది, దిగడానికి చోటుందా. మళ్లీ ఇంకో ఊరు, మళ్లీ అవే. నాకు సర్వర్ లాగ్ చదువుతున్నట్టనిపించింది. అయితే లాగ్ చదివే అలవాటున్నవాడికి ఒక విషయం తెలుసు. మొదటి గంట ఏమీ కనబడదు, తర్వాత మెల్లగా సిస్టమ్ నడక కనబడుతుంది. ఇక్కడా అంతే. అంగళ్లు లేని ఊళ్లు వరసగా వస్తుంటే ఆ సీమలో ఏదో తేడా ఉందని తెలుస్తుంది. చలామణీ అయ్యే రూపాయి మారితే ప్రభుత్వం మారిందని తెలుస్తుంది. ఆయన వ్యాఖ్యానించనక్కర్లేదు. వ్యాఖ్యానించినప్పుడు కూడా, వేదాంతం మాట్లాడిన కొన్ని పేజీలు తప్పిస్తే, కోర్టులో సాక్షి చెప్పింది ఇంకో భాషలోకి మార్చి చెప్పేవాడి పద్ధతే. సాక్షి మాటకి సొంత మాట కలపకూడదన్నది ఆయన ఉద్యోగ ధర్మం కదా. ఆ కాలంలో వచనం అంటే ఎలా ఉండేదో తెలిసినవాళ్లకి, ఇంత మామూలు మాటలతో అంత పెద్ద పుస్తకం రాయడం ఎంత తెగువో కూడా తెలుస్తుంది. ఆయనకది తెగువ అనిపించి ఉండదు, స్నేహితుడికి ఉత్తరం రాస్తున్నాడు.

లోపం లేదని కాదు. ఆయనకి కనిపించే ఊరు ఒక సంపన్న బ్రాహ్మణ గృహస్థుకి కావలసిన ఊరు. బ్రాహ్మణుల ఇళ్లు ఉన్నాయా లేదా అన్నది అంగళ్లంత ముఖ్యమైన వివరం. పల్లకీ మోసిన బోయీల కాళ్లు ఆ రాళ్ల దారి మీద ఏమయ్యాయో తెలుసుకోవడానికి మనం వాక్యాల మధ్య వెతుక్కోవాలి. ఈ పుస్తకాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతిని 'కాలం అలాంటిది' అని దాటేస్తారు. నేను దాటేయలేను. కానీ ఒకటి ఒప్పుకోవాలి, బోయీలు ఉన్నారని ఆయన పుస్తకం చదివితే తెలుస్తుంది. నా వ్యాసంలో నన్ను మ్యూజియం దాకా మోటార్‌సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లిన మనిషి లేడు.

సున్‌తోన్ ఫూని నేను చదివింది ఇంగ్లీషులో, అదీ ముక్కలు ముక్కలుగా, కాబట్టి ఎక్కువ మాట్లాడను. 1786లో పుట్టి 1855లో పోయాడు, అంటే వీరాస్వామయ్య కాలం వాడే. 'నిరాత్' అనేది ప్రయాణ కవిత్వంలో ఒక థాయ్ ప్రక్రియ. పడవలో ఒక్కో రేవు దాటుతూ, ఆ రేవు పేరు మీద శ్లేష కట్టి, విడిచి వచ్చిన మనిషిని తలుచుకోవడం దాని పద్ధతి. 1807లో, ఇరవై దాటీ దాటకుండా, రయోంగ్ వైపు క్లేంగ్ అనే ఊళ్లో భిక్షువుగా ఉన్న తండ్రిని చూడటానికి వెళ్లి మొదటి నిరాత్ రాశాడు. మా అమ్మాయి బళ్లో చదివింది అదే. 1828 ప్రాంతంలో తనే భిక్షువై, చిన్న కొడుకుని వెంటబెట్టుకుని అయుత్తయ వెళ్తూ ఇంకోటి రాశాడు. అందరూ గొప్పదనేది ఇదే. తనని ఆదరించిన రాజు పోయాడు, కొత్త రాజు దగ్గర చోటు లేదు. సారా బట్టీ దాటుతుంటే తన తాగుడు గుర్తొస్తుంది. బాంగ్ చాక్ అనే రేవు వస్తుంది. చాక్ అంటే నీళ్లలో పెరిగే ఒక రకం తాటిచెట్టు, విడిపోవడం కూడా.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే వీరాస్వామయ్య ఎండిపోయినట్టూ, ఫూ తడిసిపోయినట్టూ ఉంటారు. కవిత్వం ఎవరిదంటే ఫూదే, అందులో తగువు లేదు. కానీ రేవు పేరు అతని దుఃఖానికి పనికొస్తేనే పద్యంలోకి వస్తుంది. వీరాస్వామయ్య దగ్గర ఏమీ లేని ఊరికి కూడా ఒక లైను దొరుకుతుంది, అక్కడ ఏమీ లేదని. నాకు ఈ రెండోది ఎక్కువ నచ్చింది. నా ఉద్యోగం వల్ల వచ్చిన రుచి కావచ్చు.

ఊరి పేరు మీద శ్లేష అంటే మనకీ ఒకటుంది, నేను రోజూ దిగే స్టేషన్‌లో. పంజాగుట్ట పక్కన గుట్ట మీద 1870 ప్రాంతంలో నవాబు ఫక్రుల్ ముల్క్ ఒక మహల్ కట్టించాడు. ఆ గుట్టని చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎర్రగడ్డ అనేవాళ్లనీ, ఆ 'ఎర్ర'కి దగ్గరగా వినిపించేలా, పారసీలో స్వర్గమనే అర్థం వచ్చేలా, ఇర్రం మంజిల్ అని పేరు పెట్టాడనీ చెప్పుకుంటారు. 2019లో అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వం అనుకుంది, అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆపింది. ఆ నెలల్లో నేను రోజూ ఆ మెట్రో స్టేషన్‌లో ఎక్కి దిగుతున్నాను. ఒక్కసారి కూడా తలెత్తి గుట్ట వైపు చూడలేదు. బ్యాంకాక్‌లో వారసత్వం అన్న మాటని పదిహేనుసార్లు రాశాను. లెక్కపెట్టాను, పదిహేను.

ఇప్పుడు యూట్యూబ్ సంగతి. మన పత్రికల్లో ట్రావెల్ వ్లాగర్లని తిట్టడం ఒక మర్యాద. థాయ్‌లాండ్ మీద తెలుగు వీడియోలు ఒక యాభై దాకా చూశాను. సగం చూడలేం, థంబ్‌నెయిల్ దగ్గరే ఆగిపోవచ్చు. అక్కడి ఆడవాళ్లని సరుకుల్లా చూపించే వీడియోల్ని 'సరదా' అని వెనకేసుకురావడం నావల్ల కాదు. అయితే మిగతా సగంలో ఒక కుర్రాడు బస్టాండులో దిగుతాడు. టికెట్ ఎన్ని బాత్‌లో చెబుతాడు, గది తలుపు తీసి బాత్రూమ్ చూపిస్తాడు, బండి దగ్గర ఆగి ఇదేంటి, ఎంత అని అడిగి, కొరికి, మొహం చిట్లిస్తాడు. దారి, నీళ్లు, అంగడి, దిగే చోటు. ఇది వీరాస్వామయ్య పద్ధతి కాదా? కాలినడకన దేశాలు తిరిగిన ఆదినారాయణ గారి లాంటి ఒకరిద్దరిని పక్కన పెడితే, ఆ పాత లాగ్‌బుక్‌కి నిజమైన వారసులు సాహిత్య యాత్రా వ్యాసాలు రాసే మనం కాదేమో, ఈ కుర్రాళ్లేనేమో. సూర్యాస్తమయాన్ని రెండు పేరాలు వర్ణించి, రాత్రి ఎక్కడ పడుకున్నాడో చెప్పని వ్యాసం కన్నా ఆ వీడియో నాకు ఎక్కువ చెబుతుంది.

తేడా ఎక్కడంటే, వ్లాగర్ రేటు అడుగుతాడు, పేరు అడగడు. 'ఇదేదో మన జామకాయలా ఉంది గైస్' అని ముందుకెళ్లిపోతాడు. ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే ఫరాంగ్ దొరికేది. వ్యాసకర్తేమో పేరూ రేటూ రెండూ అడగడు. వాడికి అన్నీ ముందే తెలుసు.

నా పాత వ్యాసాన్ని తిరగరాద్దామని కూర్చున్నాను. మూడు పేరాల్లో ఆగిపోయింది. చూసింది తక్కువ, గుర్తున్నది ఇంకా తక్కువ. ఆ ద్వారావతి బుద్ధుడి చేతులు ఎలా ఉన్నాయో కూడా చెప్పలేను. పోనీ అమరావతి శైలి అంటే ఏమిటో ఇక్కడైనా చూద్దామని, గత ఆదివారం మెట్రోలో నాంపల్లి దాకా వెళ్లి, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి పోయాను. అమీర్‌పేట వచ్చి పన్నెండేళ్లయింది, అక్కడికి వెళ్లడం మొదటిసారి. అమరావతి రాళ్లు సగం లండన్‌లో, సగం చెన్నైలో ఉన్నాయని అందరం బాధపడతాం. 1859లో లండన్ చేరినవాటి గురించి నేనూ బాధపడ్డాను, ఆ వ్యాసంలోనే. ఆంధ్ర శిల్పుల బాణీని చూడటానికి కృష్ణ ఒడ్డు దాకా కూడా పోనక్కర్లేదు. సూర్యాపేట వైపు ఫణిగిరిలో దొరికినవి ఉన్నాయి. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకి వెళ్లి వచ్చాయి కూడా.

లోపల స్కూలు పిల్లలు, ఇద్దరు టీచర్లు, అందరూ ఒకే గదివైపు పరిగెడుతున్నారు. నేను బౌద్ధ శిల్పాలున్న వైపు తిరిగి, నోట్‌బుక్ తీసి, మొదటి రాయి ముందు నిలబడి, ఈసారి లేబుల్ చూడకుండా చేతులెలా ఉన్నాయో రాసుకోవడం మొదలుపెట్టాను. కొంచెంసేపటికి గార్డు దగ్గరికొచ్చాడు. దారి తప్పాననుకున్నట్టున్నాడు.

"మమ్మీ అటు సార్."